ఏడాది నుంచి మూడేళ్ళ దాకా: పిల్లలతో కథల పుస్తకం చదువుతూ మాటలు పెంచే పద్ధతి

"పుస్తకం తెరిస్తే చాలు, పేజీలు లాగేస్తాడు. రెండు లైన్లు చదివేలోపే లేచి పరిగెత్తిపోతాడు. వీడికి కథలేం చెప్పేది?" తిరుపతిలో చిన్నపిల్లలున్న ఇళ్ళలో ఈ మాట తరచూ వింటుంటాను. ఏడాదిన్నర పిల్లాడికి కథ మొత్తం చదివి వినిపించాల్సిన పనే లేదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, అందులోని బొమ్మల గురించి వాడితో కబుర్లాడితే చాలు. ఆ పది నిమిషాల్లో మనం ఎన్ని లైన్లు చదివామని చూసుకోవద్దు. వాడు ఎన్నిసార్లు నోరు తెరిచాడో చూడండి.

దీనికి గట్టి ఆధారమే ఉంది. 1988లో అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన బృందం ఒక అధ్యయనం ప్రచురించారు. అందులోని పిల్లల వయసు 21 నుంచి 35 నెలలు. అన్ని ఇళ్ళలోనూ నెల రోజుల పాటు అమ్మానాన్నలు పిల్లలకు బొమ్మల పుస్తకాలు చదివారు. సగం మందికి మాత్రం చదివే తీరు మార్చుకోమని నేర్పించారు. ప్రశ్నలు అడగండి, పిల్ల చెప్పినదానికి ఇంకో మాట జోడించండి, చెప్పినప్పుడల్లా మెచ్చుకోండి అన్నారు. నెల తిరిగేసరికి ఆ పిల్లలు మాట్లాడటంలో మిగతావాళ్ళకంటే బాగా ముందున్నారు. రెండు వర్గాల ఇళ్ళలోనూ పుస్తకం పట్టింది దాదాపు అన్నిసార్లే. ఆ తీరునే మన ఇళ్ళకూ మన మాటకూ తగ్గట్టుగా చెబుతాను.

ముందు పుస్తకం చూసుకోండి

ఈ వయసుకి పేజీకొక పెద్ద బొమ్మ, కింద ఒకటో రెండో వాక్యాలు ఉంటే సరిపోతుంది. బొమ్మలో ఉన్నవి పిల్లలకు తెలిసినవై ఉండాలి: కుక్క, కాకి, బంతి, ఆటో, అరటిపండు, స్నానం చేసే పాప. అట్టపేజీల పుస్తకమైతే చిరగదు, నోట్లో పెట్టుకున్నా తుడిచేయొచ్చు. తెలుగులో అట్టపేజీల పుస్తకాలు తక్కువగా దొరుకుతాయి. అందుకని ఆగిపోవద్దు. ఇంగ్లీషు అట్టపుస్తకం కొని, అక్షరాలు పక్కన పెట్టి, బొమ్మలు చూపిస్తూ తెలుగులో మాట్లాడండి. రెండేళ్ళ పిల్లకు అక్షరాలతో పని లేదు.

తెలుగు పుస్తకాలకైతే నేషనల్ బుక్ ట్రస్ట్, హైదరాబాద్‌లోని 'మంచి పుస్తకం', చెన్నైలోని తూలిక, ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థల పేర్లు గుర్తుపెట్టుకోండి. ప్రథమ్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉంటాయి. వాటిలో మొదటి స్థాయి కథలు తీసుకుని, జెరాక్స్ షాపులో ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ వేయించుకోవచ్చు.

అయితే అన్నిటికంటే మంచి మొదటి పుస్తకం మీ ఫోన్‌లోనే ఉంది. గ్యాలరీలో పిల్లకు బాగా తెలిసిన మనుషులవీ చోట్లవీ పదో పన్నెండో ఫోటోలు ఏరండి. అవ్వ, తాత, వీధి చివర కుక్క, ఇంటి ముందు ముగ్గు, నాన్న బండి, కపిలతీర్థం దగ్గర కోతి, జూలో నెమలి, పల్లెలో ఎనుము, పళ్ళెంలో సంగటి ముద్ద. ఫోటో స్టూడియోలో ప్రింట్ వేయించి, ప్లాస్టిక్ కవర్లుండే చిన్న ఆల్బమ్‌లో పెట్టండి. ఒక్కో ఫోటో కింద ఒక్క వాక్యమే రాయండి, అదీ ఇంట్లో అనే మాటలోనే: "తాత పేపర్ చదువుతా ఉన్నాడు." "కోతి చిప్స్ ప్యాకెట్ లాక్కునింది." అలా రాసిపెట్టుకుంటే అమ్మ చదివినా నాన్న చదివినా అదే వాక్యం వస్తుంది. ఒకే వాక్యం పదేపదే వినడం పిల్లలకు చాలా మేలు చేస్తుంది. కొనే పుస్తకంలో అవ్వ ఉండదు, ఈ పుస్తకంలో ఉంటుంది. కథల మీద ఆసక్తే లేదనిపించిన పిల్లలు కూడా ఇలాంటి ఆల్బమ్ వదలరు.

ఎప్పుడు, ఎంతసేపు

కడుపు నిండి, నిద్ర ముంచుకురాని సమయం పట్టుకోండి. పొద్దున స్నానం చేయించాక అయినా సరే, రాత్రి పడుకోబోయే ముందు అయినా సరే, రోజూ ఒకే వేళ ఉంటే పిల్లలే పుస్తకం తెచ్చి చేతిలో పెడతారు. ఏడాది పిల్లకు రెండు మూడు నిమిషాలు చాలు, రెండేళ్ళకు ఐదు నుంచి పది. టీవీ ఆపేయండి. ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం బాగానే ఉంటుంది కానీ, అప్పుడప్పుడూ ఎదురెదురుగా కూర్చోండి. "ప" అన్నప్పుడు మన పెదవులు ఎలా కలుస్తాయో వాళ్ళు చూడాలి. పిల్ల లేచి వెళ్ళిపోతే పోనివ్వండి, వెనక్కి లాగి కూర్చోబెట్టవద్దు. పుస్తకమంటే కట్టిపడేసేదని ఒక్కసారి అనిపించిందంటే మళ్ళీ దగ్గరికి రావడం కష్టం.

మొదటి మెట్టు: ఏడాది నుంచి ఏడాదిన్నర

ఈ దశలో పుస్తకం ఒక ఆటవస్తువు. తిరగేసి పట్టుకుంటారు, కొరుకుతారు, ఐదు పేజీలు ఒకేసారి తిప్పుతారు. తిప్పనివ్వండి. వాళ్ళు ఏ పేజీ దగ్గర ఆగితే అక్కడే మీ కథ మొదలు. మనకు కావలసిన బొమ్మ వైపు వాళ్ళ తల తిప్పడం కంటే, వాళ్ళు చూస్తున్న బొమ్మకే పేరు చెప్పండి. చూపు ఎక్కడుందో పేరు అక్కడ పడితే మాట త్వరగా పట్టుబడుతుంది.

వేలు పెట్టి చూపండి, పేరు చెప్పండి, శబ్దం చేయండి. "కాకి! కావ్ కావ్." "ఆటో! డుర్ర్‌ర్." తర్వాత ఆగండి. పిల్ల "కా" అన్నా, చెయ్యి ఊపినా, మీ మొహంలోకి చూసి నవ్వినా అది జవాబే. "ఆ, కాకి! ఎగిరిపోయింది కాకి" అని మీరు అందుకోండి. కొన్నాళ్ళు పోయాక "కాకి యాడుంది?" అని అడిగి వేలు పెట్టి చూపించమనండి. నోటితో చెప్పే ముందే చాలా మాటలు వాళ్ళకు అర్థమవుతాయి. ఆ అర్థమైనదాన్ని చూపించే అవకాశం ఈ ప్రశ్న.

రెండో మెట్టు: ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు

అసలు పని ఇక్కడే ఉంది. ఒక పేజీ దగ్గర ఏం జరుగుతుందో చూడండి. బొమ్మలో ఏనుగు చెరువులో నీళ్ళు తాగుతోంది. అమ్మ ఏమీ అనకుండా బొమ్మ మీద వేలు పెట్టి పాప వైపు చూసింది.

"ఏను!" అంది పాప.

"ఆ, ఏనుగు! పెద్ద ఏనుగు." అమ్మ ఆగింది.

"పెద్ద ఏను."

"పెద్ద ఏనుగు నీళ్ళు తాగుతా ఉంది." మళ్ళీ ఆగింది.

"నీళ్ళు తాగు."

"దేంతో తాగుతా ఉంది?"

పాప మాట్లాడలేదు. కాసేపు బొమ్మకేసి చూసి తొండం మీద వేలు పెట్టింది.

"తొండం! తొండంతో తాగుతా ఉంది."

"తొండం," అంది పాప, నెమ్మదిగా.

నిమిషం కూడా పట్టని ఈ సంభాషణలో అమ్మ చేసినవి గమనించండి. మొదట తను మాట్లాడకుండా పాపకు అవకాశం ఇచ్చింది. పాప "ఏను" అంటే "ఏను కాదు, ఏనుగు అను" అని సరిదిద్దలేదు, సరైన మాటను తన వాక్యంలో పలికి వినిపించింది. పాప ఒక మాటంటే దానికి ఇంకో మాట కలిపింది, రెండు మాటలంటే చిన్న వాక్యం చేసింది. ఒక్క మెట్టే పైకి. పాప "ఏను" అన్నప్పుడు "అవునమ్మా, బ్రహ్మోత్సవాల్లో స్వామి వాహనం ముందు నడిచేది ఇలాంటి ఏనుగే, అడవిలో గుంపులుగా ఉంటాయి" అని మొదలుపెట్టి ఉంటే, పాప తిరిగి అనడానికి ఏమీ మిగిలేది కాదు. ఇక నాలుగోది, అన్నిటికంటే కష్టమైనది: ప్రశ్న అడిగాక అమ్మ ఓపిక పట్టింది.

ఈ ఓపిక గురించి ఇంకొంచెం చెప్పాలి. ప్రశ్న విని, అర్థం చేసుకుని, మాట వెతుక్కుని, నోరు కదిలించడానికి పెద్దవాళ్ళకు పట్టే సమయం వేరు, రెండేళ్ళ పిల్లకు పట్టేది వేరు. మనం ఒక్క సెకను కూడా ఆగకుండా జవాబు మనమే చెప్పేస్తాం. మనసులో ఐదు దాకా నిదానంగా లెక్కపెట్టండి. మొదట్లో ఆ నిశ్శబ్దం ఇబ్బందిగా ఉంటుంది, పక్కనున్న అత్తమ్మో అమ్మో "చెప్పు నాయనా, చెప్పు" అని తొందరపెడతారు. వాళ్ళకూ ఈ ఐదు అంకెల సంగతి చెప్పి పెట్టండి. ఐదు అయ్యాక కూడా జవాబు రాకపోతే మీరే చెప్పేసి నవ్వుతూ పేజీ తిప్పండి.

"ఇది కుక్క కదా?" లాంటి ప్రశ్నలు తగ్గించండి. వాటికి తల ఊపితే సరిపోతుంది, మాట అక్కర్లేదు. చుట్టాలు రాగానే పుస్తకం తెచ్చి "ఇదేం కలర్? అదేం కలర్? ఆంటీకి చెప్పు" అని వరసగా అడగడం అయితే పూర్తిగా మానేయండి. అది పరీక్ష. ఒక ప్రశ్న అడిగితే రెండు మాటలు మీరు ఊరికే చెప్పండి, "అబ్బా, ఎంత పెద్ద చెవులో!" అని.

మూడో మెట్టు: రెండు నుంచి మూడేళ్ళు

ఇప్పుడు పేర్లు చాలా వచ్చేశాయి. పనులు, స్థలాలు, కారణాలు రావాలి. దీనికి తెలుగు వాక్యమే మనకు సాయం చేస్తుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి, చివరి మాట వదిలేసి ఆగితే పిల్ల నోట క్రియ వస్తుంది. "కోతి చెట్టు మీదకి..." అని ఆగండి. "ఎక్కింది!" అంటుంది. "పాప లడ్డు..." "తినింది!" తెలిసిన కథలో ఇలా రోజూ రెండు మూడు చోట్ల ఆగండి చాలు. ఎవరు చేశారో మారితే క్రియ కూడా మారడం పిల్లలు ఇలాగే పట్టేస్తారు: నాన్న వచ్చినాడు, అమ్మ వచ్చింది, అందరూ వచ్చినారు. "నాన్న వచ్చింది" అంటే తప్పు పట్టవద్దు, "ఆ, నాన్న వచ్చినాడు!" అని సంతోషంగా అందుకోండి.

మీద, కింద, లోపల, పక్కన, వెనక. ఇవన్నీ బొమ్మల్లో వెతుక్కునే ఆటగా వస్తాయి. "పిల్లి యాడ దాక్కుంది?" అంటే మొదట "ఆడ" అంటుంది. "మంచం కింద దాక్కుంది" అని మీరు కలపండి.

ఈ వయసులో అడగదగ్గ ప్రశ్నలు వేరు. "ఏం జరుగుతా ఉంది ఈడ?" అని అడిగితే ఒక్క మాటతో సరిపోదు, పిల్ల ఏదో ఒకటి అల్లాలి. "కుందేలు ఎందుకు ఏడుస్తా ఉంది?" అంటే కారణం వెతకాలి. కథ అయ్యాక "మొదట ఎవరొచ్చినారు?" అంటే గుర్తు తెచ్చుకోవాలి. నాకు మరీ ఇష్టమైనది, కథను పిల్ల బతుక్కి కలిపే ప్రశ్న. నెమలి బొమ్మ వస్తే "మనం జూలో చూసినాము గదా, అది ఏం చేసింది?" అనండి. కళ్ళ ముందు లేనిదాని గురించి, అయిపోయినదాని గురించి మాట్లాడటం ఈ వయసులో పెద్ద ముందడుగు. రేపు బడిలో జరిగింది ఇంటికొచ్చి చెప్పాలన్నా కావలసింది ఆ శక్తే.

మనసుకు సంబంధించిన మాటలు మరవకండి. భయం, కోపం, దిగులు, ఆశ. కథలో పిల్లికి భయమేసిందని అనుకున్న పిల్ల, తనకు భయమేసినప్పుడు ఏడవడానికి బదులు ఆ మాట వాడటం మొదలుపెడుతుంది. మూడేళ్ళకు దగ్గరపడ్డాక, ఒకే ప్రశ్న మళ్ళీమళ్ళీ వచ్చే కథలు చెప్పండి. ఏడు చేపల కథ అందుకు చక్కగా సరిపోతుంది. ఎందుకు ఎండలేదని చేపను, ఎందుకు అడ్డమొచ్చావని గడ్డిమోపును, ఎందుకు మేయలేదని ఆవును అడుగుతూ పోతే, రెండో ప్రశ్నకే పిల్ల మీతో గొంతు కలుపుతుంది. చివర్లో చీమ చెప్పే జవాబు ఎలాగూ తనే చెబుతుంది.

మళ్ళీ అదే పుస్తకమా?

అదే. విసుక్కోకండి. 2011లో బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో జెస్సికా హోర్స్ట్ బృందం మూడేళ్ళ పిల్లలపై చేసిన అధ్యయనంలో, కొత్త మాటలు రెండు వర్గాల పిల్లలూ సమానంగానే విన్నారు. ఒక వర్గం అవే కథలను తిరిగి తిరిగి విన్నది, ఇంకో వర్గం ఎప్పటికప్పుడు వేరే కథలు విన్నది. మాటలు బాగా గుర్తుంచుకున్నది అవే కథలు విన్నవాళ్ళు. మొదటిసారి కథ ఏంటో చూస్తారు, తర్వాత తర్వాత మాటల మీద దృష్టి పెడతారు. మీకు విసుగు రాకుండా ఒక ఉపాయం: ప్రతిసారీ ఒక కొత్త విషయం గమనించండి. నిన్న ఏనుగు గురించి మాట్లాడారు, ఈరోజు చెట్టు మీద పిట్ట గురించి.

ఏ భాషలో, ఏ యాసలో

పుస్తకంలో గేదె అని ఉంటుంది, ఇంట్లో ఎనుము అంటాం. పుస్తకంలో వేరుశనగ, మనకు చెనిక్కాయలు. ముందు ఇంటి మాటే చెప్పండి. అది పిల్ల రోజూ వినే మాట. నోట నిలిచాక "దీన్నే గేదె అని కూడా అంటారు" అని రెండోది కలపండి. "వానరము వృక్షమును అధిరోహించెను" తరహా వాక్యాలుంటే మొహమాటం లేకుండా మార్చేసి "కోతి చెట్టెక్కింది" అనండి.

చిత్తూరు, నగరి, సత్యవేడు వైపు ఎన్నో ఇళ్ళలో అమ్మమ్మ తమిళం మాట్లాడుతుంది, కుప్పం వైపు కన్నడం కూడా కలుస్తుంది, ఇంకొన్ని ఇళ్ళలో ఉర్దూ. రెండు భాషలు వింటే మాటలు ఆలస్యమవుతాయన్న భయం అక్కర్లేదు, ఆలస్యానికి అది కారణం కాదు. ఎవరికి ఏ భాష బాగా వస్తే ఆ భాషలో వాళ్ళు కథ చెప్పాలి. పిల్లకు ఎన్ని మాటలు వచ్చో లెక్క చూసేటప్పుడు రెండు భాషల మాటలూ కలపండి. రేపు ఇంగ్లీష్ మీడియంలో వెనకబడుతుందేమో అన్న టెన్షన్‌తో సగం సగం ఇంగ్లీషులో మాట్లాడే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. మీకు ధారాళంగా రాని భాషలో మీరు కథ అల్లలేరు, జోక్ వేయలేరు, "ఎందుకు" అన్న ప్రశ్నకు విడమరిచి చెప్పలేరు. సొంత భాషలో గట్టిపడిన పిల్లకు రెండో భాష నేర్చుకోవడానికి పునాది ఉంటుంది.

చదువు రాని అవ్వ చేతికి కూడా పుస్తకం ఇవ్వండి. అక్షరాలు చదవగలిగిన మనకు వాటి మీదే చూపు పోతుంది. ఆమె బొమ్మ చూసి కథ కడుతుంది, గొంతు మారుస్తుంది, ఆగి ఆగి చెబుతుంది. నేను పైన ఇంతసేపు రాసింది ఆమెకు అలవాటుగానే వచ్చి ఉంటుంది.

ఫోన్‌లో కథలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లలకు స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. కూర్చుని ఉన్న సమయంలో పెద్దవాళ్ళతో కలిసి కథలు చదవడం మేలని అందులోనే ఉంది. వీడియో పిల్ల జవాబు కోసం ఆగదు. ట్యాబ్‌లో పుస్తకం తెరిచినా, "అది నొక్కొద్దు, ఇది నొక్కొద్దు" అనడంతోనే సరిపోతుంది. ఊళ్ళో ఉన్న తాతతో వీడియో కాల్ మాత్రం వేరే సంగతి. ఆల్బమ్ చూపిస్తూ తాతతో మాట్లాడించండి.

ఎప్పుడు డాక్టర్‌కు చూపించాలి

ఏడాదికి అర్థంలేని కూతలు గానీ, వేలు పెట్టి చూపడం, చెయ్యి ఊపడం గానీ లేకపోతే, 16 నెలలకు ఒక్క మాటా రాకపోతే, రెండేళ్ళకు "అమ్మా రా", "పాలు కావాలి" లాంటి రెండు మాటల జతలు సొంతంగా అనకపోతే ఆలస్యం చేయకండి. వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోతే వెంటనే వెళ్ళండి. "వాళ్ళ నాయన కూడా మూడేళ్ళకే మాట్లాడినాడు" అని పెద్దవాళ్ళు ధైర్యం చెబుతారు. ప్రేమతోనే అంటారు, కానీ ఆ మాట మీద ఆరు నెలలు గడిపేయకండి.

ముందు చెవులు పరీక్ష చేయించాలి. తరచూ జలుబు చేసి చెవి లోపల నీరు చేరినా మాట మందగిస్తుంది. తిరుపతిలో అయితే రుయా ఆసుపత్రిలో ఈఎన్‌టీ, పిల్లల విభాగాలు ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు వచ్చే బృందాలు ఎదుగుదలలో ఆలస్యాన్ని కూడా చూస్తాయి. మీ అంగన్‌వాడీ టీచర్‌ను అడిగితే ఎప్పుడు వస్తారో, జిల్లాలో ఎక్కడికి పంపుతారో చెబుతుంది.

వెళ్ళేటప్పుడు పిల్ల అనే మాటలన్నీ, సగం సగం పలికేవి కూడా, ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఇంట్లో పుస్తకం చూస్తున్నప్పుడు ఒక నిమిషం వీడియో తీసి పెట్టుకోండి. ఆసుపత్రిలో కొత్త మనుషుల ముందు పిల్లలు నోరు విప్పరు, ఆ వీడియో డాక్టర్‌కు చాలా పనికొస్తుంది. ఓపీలో నంబర్ వచ్చేదాకా కూర్చోవాల్సి వస్తే సంచిలో ఆల్బమ్ వేసుకుని పోండి. అక్కడా అవ్వ ఫోటో మీద వేలు పెట్టి ఐదు దాకా లెక్కపెట్టొచ్చు.